వంద నోటు, ముప్పావు గంట



మన దగ్గర ఇద్దరు కొత్తవాళ్లు ఒకరినొకరు చూసుకోవడానికి చేసే ఏర్పాట్లలో ఖర్చు ఎక్కువ, మాట తక్కువ ఉండేది పెళ్లిచూపుల్లోనే. ఆదోనిలో జరిగినా, ఎమ్మిగనూరులో జరిగినా తంతు ఒకటే. మగపిల్లాడి వాళ్లు కారు మాట్లాడుకోవాలి, పండ్లూ స్వీట్లూ కొనాలి. ఆడపిల్ల ఇంట్లో తెల్లారినప్పటి నుంచి పొయ్యి ఆరదు. పక్కింట్లోంచి తెచ్చి వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో పదిమంది పెద్దలు కూర్చుని వానల గురించి, పత్తి రేటు గురించి, ఎవరు ఎవరికి చుట్టమో ఆ వరసల గురించి తీరిగ్గా మాట్లాడుకుంటారు. చివర్లో ఒక పెద్దాయన దయతలచి, "పిల్లోళ్లను కూడా ఒక మాట మాట్లాడుకోనీండప్పా" అంటాడు. అప్పుడు ఇద్దర్నీ మిద్దె మీదికి పంపుతారు. పది నిమిషాలు. కింద అందరి చెవులూ మెట్ల వైపే ఉన్నాయని తెలిసిన ఆ పది నిమిషాల్లో నోరు పెగలడమే గొప్ప.

2016లో తరుణ్ భాస్కర్ తీసిన 'పెళ్లిచూపులు' సినిమా సరిగ్గా ఈ ఇరకాటంలోనే మొదలవుతుంది. చూపుల్లో కలిసిన అబ్బాయి, అమ్మాయి ఉన్న గది తలుపు బిగుసుకుపోతుంది. బయటికి రాలేక, చేసేదేమీ లేక ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగానూ, ఉత్తమ సంభాషణలకూ జాతీయ అవార్డులు వచ్చాయి. ప్రేక్షకులకు అంత నచ్చడానికి ఒక కారణం, బయట ఎన్ని ఏర్పాట్లు చేసినా దొరకనిది ఆ గదిలో దొరకడం. అక్కడ వినేవాళ్లు లేరు, తేల్చి చెప్పమని తొందరపెట్టేవాళ్లు లేరు.

పెద్దల తొందర ఒక్క తెలుగువాళ్లకే ఉన్నది కాదు. 1998లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో యాకోవ్ డేయో అనే యూదు మతగురువు, తన సమాజంలోని పెళ్లికాని యువతీయువకులను ఒక కాఫీ హోటల్లో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరితో కొద్ది నిమిషాలు మాట్లాడాలి, సమయం అయిపోగానే లేచి పక్క బల్లకు పోవాలి. స్పీడ్ డేటింగ్ అని ప్రపంచమంతా పాకింది అదే. పెద్దల పూనికతో, పెళ్లి కోసమే మొదలైన పద్ధతి. అయినా అందులో ఒక సులువు ఉంది: సమయం తక్కువ, ఖర్చు కాఫీ మాత్రమే, నచ్చకపోతే ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు.

ఆ సులువు ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. టిండర్ 2012లో మొదలైంది. మొదటి మెసేజ్ అమ్మాయే పంపాలన్న నియమంతో పేరు తెచ్చుకున్న బంబుల్ 2018 చివర్లో మన దేశంలో అడుగుపెట్టింది. 2014లో మొదలైన మన దేశపు ఐల్ సంస్థ 2022లో తెలుగువాళ్ల కోసమే 'నీతో' అనే యాప్‌ను తెచ్చింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ రోజెన్‌ఫెల్డ్ బృందం 2017లో చేసిన సర్వేలో, కొత్తగా జతకట్టిన ఆడ–మగ జంటల్లో దాదాపు 39 శాతం ఇంటర్నెట్‌లోనే మొదట పరిచయమైనట్టు తేలింది. అక్కడ స్నేహితులు పరిచయం చేసే ఆనవాయితీని కూడా ఫోన్ వెనక్కి నెట్టేసింది.

ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో ఈ యాప్‌ల సంగతి కొంచెం వేరు. ఇక్కడ ఇరుకు డబ్బుది మాత్రమే కాదు, చూసే కళ్లది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఇద్దరు టీ తాగితే పట్టించుకునే నాథుడుండడు. ఆదోనిలో టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు "నువ్వు ఫలానా వాళ్ల కూతురువి కదమ్మా" అనే పలకరింపు వినిపిస్తుంది. సాయంత్రానికి కబురు ఇంటికి చేరుతుంది. ఒకసారి కలిస్తేనే అందరూ పెళ్లి ఖాయం చేసేస్తారు, లేకపోతే పరువు పోయిందంటారు. ఆ రెండింటి మధ్య మామూలు పరిచయానికి చోటు చేసుకోవడమే ఇక్కడి యువతీయువకులకు అసలు పని. ఖర్చు, సమయం, ఏర్పాట్లు, ఈ మూడింటినీ చిన్నవి చేసుకుంటే ఆ చోటు దొరుకుతుంది.

ముందు యాప్‌లో దూరం సంగతి. యాభై కిలోమీటర్లని పెట్టుకుంటే, ఆదోనిలో కూర్చున్నవారికి ఆ పరిధిలోకి ఎమ్మిగనూరు, ఆలూరు, కౌతాళం, కోసిగి, మంత్రాలయం వస్తాయి. వందకు పెంచితే అటు బళ్లారి, రాయచూరు, ఇటు గుంతకల్లు, కర్నూలు కూడా కలుస్తాయి. బళ్లారి కనిపించగానే పరాయి రాష్ట్రం అని తోసెయ్యనక్కర్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోదే. సరిహద్దు మారినా చుట్టరికాలు మారలేదు. అటువైపు ఇంట్లో తెలుగు, ఇటువైపు బజారులో కన్నడం, రెండువైపులా ఉర్దూ వినిపిస్తూనే ఉంటాయి. మూడు భాషలు కలగలిపి మాట్లాడేవాళ్లకు మాట కలపడానికి అదే ఒక వంక.

ఇక మొదటి మెసేజ్. తెలుగువాళ్ల ఫోన్లలో ఎక్కువ పరిచయాలు చచ్చిపోయేది ఇక్కడే. ఒకరు "హాయ్" అంటారు. అవతలి నుంచి "హాయ్" వస్తుంది. "తిన్నారా?" "ఆ, తిన్నా. మీరు?" "తిన్నా. ఇంగేంది?" "ఏం లేదు, మీరే చెప్పాల." ఆ తర్వాత నిశ్శబ్దం. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. పట్టుకోవడానికి కొస లేదు, అంతే. 'తిన్నారా' అనేది అత్త, మామ, పిన్నమ్మ మధ్య ఆప్యాయమైన పలకరింపే. ముక్కూమొహం తెలియని మనిషి రాత్రి పదిన్నరకు అడిగితే మాత్రం దానికి జవాబు తప్ప సంభాషణ పుట్టదు.

మంచి మొదటి మెసేజ్‌కు మూడు గుణాలుంటాయి. అవతలివారి ప్రొఫైల్ చదివారని తెలియాలి. ఒక్క లైనులో జవాబిచ్చేంత తేలికగా ఉండాలి. ఆ జవాబులోంచి ఇంకో మాట పుట్టాలి. ప్రొఫైల్‌లో ఆదోని కొండ మీది ఫొటో ఉందనుకోండి. "అది రణమండల కొండేనా? పొద్దున ఎన్నింటికి ఎక్కినారు, ఎండ తగల్లేదా?" అని అడగవచ్చు. బెంగళూరులో ఉద్యోగం, సొంతూరు ఎమ్మిగనూరు అని రాసి ఉంటే, "జాతరకు లీవు దొరుకుతుందా, లేక వీడియో కాల్‌లోనే రథం చూస్తారా?" అనవచ్చు. బొరుగులతో చేసే ఉగ్గాని ఇష్టమని రాసుకుంటే ఇంకా మేలు. "బజ్జీ పక్కన పెట్టుకుని కొరుక్కుంటారా, నలిపి ఉగ్గానిలో కలిపేస్తారా?" అన్న ప్రశ్నకు కర్నూలు జిల్లాలో పుట్టిన ఏ మనిషీ జవాబు చెప్పకుండా ఉండలేడు. ఆ విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో పట్టుదల.

అడిగి ఊరుకుంటే పోలీసు విచారణలా ఉంటుంది కాబట్టి, అడిగినదానికి తమ జవాబు కూడా ఒక ముక్క చెప్పాలి. "నేనైతే కలిపేస్తా, మా అమ్మ తిడుతుంది" అంటే చాలు, అవతలివారు చనువుగా నవ్వడానికి వీలు దొరుకుతుంది. మెసేజ్‌లు 'మీరు'తో మొదలుపెట్టడం క్షేమం. 'నువ్వు'లోకి దిగడం ఇద్దరూ ఒప్పుకున్నాకే. అందం గురించిన పొగడ్త మొదటి మెసేజ్‌లో పనిచేయదు. ప్రతి అమ్మాయి ఫోన్‌లోనూ అలాంటివి కుప్పలుగా పడి ఉంటాయి, పదకొండోదాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

కొన్ని ప్రశ్నలు మొదట్లో అసలు వద్దు. జీతమెంత, ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా, ఇంకో ఫొటో పంపుతారా, ఇవన్నీ ఆ జాబితాలోవే. అన్నిటికంటే ముందు, ఇంటిపేరు. రాయలసీమలో ఇంటిపేరు అడగడమంటే కులం అడగడమే. చాలామంది ప్రొఫైల్‌లో ఇంటిపేరు రాయనిది అందుకే. అడగ్గానే వాళ్లు వెనక్కి తగ్గుతారు. జవాబు రాకపోతే నాలుగైదు రోజులు ఆగి ఒక్కసారి తేలికగా పలకరించవచ్చు. దానికీ రాకపోతే వదిలెయ్యాలి. "ఏం, పొగరా?" అని రాసిన మనిషికి జవాబు ఎందుకు రాలేదో ఆ మెసేజే చెబుతుంది.

మాటలు కుదిరాక నెలల తరబడి టైప్ చేస్తూ కూర్చోవడం కూడా మంచిది కాదు. ఫోన్‌లో అవతలి మనిషి రోజురోజుకీ ఊహల్లో పెరిగిపోతారు, ఎదురుపడ్డ రోజున ఆ ఎత్తుకు ఎవరూ అందరు. పది పదిహేను రోజుల మాటల తర్వాత ఒక వీడియో కాల్, అది బాగుంటే ఒక చిన్న కలయిక అనుకుంటే సరిపోతుంది.

ఆ కలయికను ఎలా అడగాలి? "ఎప్పుడైనా కలుద్దాం" అంటే అది కలవని మాట. "ఆదివారం పొద్దున ఏడున్నరకు ఉగ్గాని తిందామా? ఎనిమిదింపావుకు నాకు బస్సుంది. వీలుకాకుంటే ఏం పర్వాలేదు" అంటే అందులో అన్నీ ఉన్నాయి. రోజు, వేళ, తిండి, ముగింపు, కాదనడానికి దారి. ముప్పావు గంటలో అయిపోతుందని ముందే తెలిసిన పనికి ఎవరూ పెద్దగా భయపడరు. బాగుంటే బస్సు తప్పిపోయినా నష్టం లేదు. బాగోకపోతే ఆ బస్సే ఆదుకుంటుంది.

పొద్దున వేళకు ఇంకో లాభం ఉంది. వేసవిలో ఆదోని ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఏడు తొమ్మిది మధ్య, లేదంటే సాయంత్రం ఐదు తర్వాతే మనిషి మనిషిలా ఉండేది. టిఫిన్ వేళ హోటల్ నిండా జనం ఉంటారు. ఆ రద్దీలో ఒక బల్ల దగ్గర ఇద్దరు కూర్చుంటే ప్రత్యేకంగా చూసేవాళ్లు తక్కువ. అదే ఇద్దరు మధ్యాహ్నం మూడింటికి ఖాళీ రెస్టారెంటు మూల క్యాబిన్‌లో కూర్చుంటే వెయిటర్ దగ్గర్నుంచి అందరి చూపూ అక్కడే.

ఉగ్గాని చేసే తీరు కూడా మాట కలపడానికి అనువైనదే. బొరుగులను నీళ్లలో ముంచి, రెండు చేతులతో గట్టిగా పిండి పక్కన పెడతారు. బాణలిలో నూనె కాగాక ఆవాలు, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు వేసి, తాలింపు ఘుమఘుమలాడేటప్పుడు బొరుగులు వేసి కలియతిప్పుతారు. పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కనే పొడుగు మిరపకాయ బజ్జీలు నూనెలో బుసబుసమంటుంటాయి. ప్లేటు వచ్చేదాకా చూడ్డానికి, వచ్చాక తినడానికి ఏదో ఒకటి ఉంటుంది, మొహాలు చూసుకుంటూ బిగుసుకుపోయే పని లేదు. ఇక ఆ బజ్జీ కొరికాక ముక్కు కారకుండా, కళ్లు చెమర్చకుండా హుందాగా కూర్చోవడం ఎవరివల్లా కాదు. అక్కడితో సగం బెరుకు పోతుంది. చాలాచోట్ల వంద నోటు తీస్తే ఇద్దరి టిఫినూ, టీ అయిపోతాయి.

బిల్లు ఎవరిదన్న గుంజాటన కూడా అక్కర్లేదు. ఒకరు టిఫిన్‌కు ఇస్తే ఇంకొకరు టీకి ఇస్తారు. ఇద్దరూ ఇచ్చినట్టే ఉంటుంది, ఎవరూ రుణపడినట్టు ఉండదు. అయితే ఒక జాగ్రత్త. సగం డబ్బు అవతలివారి ఫోన్ నంబరుకు యూపీఐలో పంపితే బ్యాంకులో ఉన్న పూర్తి పేరు బయటపడుతుంది. యాప్‌లో ఇంటిపేరు దాచుకున్న అమ్మాయి గుట్టు ఇరవై రూపాయల టీతో తెలిసిపోతుంది. అంగడి క్యూఆర్ కోడ్‌కు కట్టినా, చిల్లర నోట్లు ఇచ్చినా ఆ చిక్కు లేదు.

ఎమ్మిగనూరు వైపు కలిసేవాళ్లకు ఇంకో ముచ్చటైన దారి ఉంది. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టి, ఎమ్మిగనూరు దుప్పట్లకు, తువ్వాళ్లకు దేశమంతా పేరు తెచ్చారు. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఊళ్లో చేనేత బట్టలు అమ్మే అంగడికి ఇద్దరూ వెళ్లి, ఇంట్లో అమ్మకో నాన్నకో ఒక తువ్వాలు ఎంచడం మంచి పరిచయం. పదిరకాలు తీయించి మడత కూడా పెట్టకుండా లేచిపోయే మనిషా, బేరమాడినా నవ్వుతూ ఆడే మనిషా, అంగడి పిల్లాడితో ఎట్లా మాట్లాడుతున్నారు, ఇవన్నీ పావుగంటలో తెలిసిపోతాయి. ఖరీదైన హోటల్లో మెనూ కార్డు వెనక దాక్కుంటే ఇవి తెలియవు. ఎవరైనా తెలిసినవాళ్లు ఎదురుపడినా చేతిలో తువ్వాలు ఉంది, చెప్పుకోవడానికి పని ఉంది.

పుష్య మాసంలో, జనవరి ప్రాంతంలో వచ్చే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర సంగతి చెప్పనే అక్కర్లేదు. రథం, ఎద్దుల సంత, గాజుల అంగళ్లు, రంగులరాట్నం, చుట్టూ వేలమంది. అంత జనంలో ఉన్న ఏకాంతం మూసిన గదిలో కూడా ఉండదు. పండక్కి నగరాల నుంచి పిల్లలు ఊళ్లకు చేరేదీ ఆ రోజుల్లోనే. ఆదోని నుంచి ఎమ్మిగనూరు ముప్పై కిలోమీటర్లలోపే. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయికి టిక్కెట్టు ఖర్చు కూడా లేదు. ఆధార్ కార్డు లాంటిది ఒకటి దగ్గరుంటే చాలు.

రెండో మూడో కలయికకు మంత్రాలయం పెట్టుకోవచ్చు. తుంగభద్ర ఒడ్డు, మఠంలో ఉచిత భోజనం, పట్టపగలు జనసంచారం. భక్తులు వచ్చే చోటు కాబట్టి అక్కడి మర్యాద అక్కడిదే. ఆదోని కోట కొండలు మాత్రం మొదటి కలయికకు వద్దు. విజయనగర రాజులు, బీజాపూర్ సుల్తానులు ఏలిన కోట, చూడదగ్గదే. కాని మనుషులు పలచగా ఉండే చోటికి అంతగా తెలియని మనిషితో వెళ్లకూడదు. నలుగురు స్నేహితులు కలిసి ఎక్కినప్పుడు అదే కోట రోజంతా మాటలకు సరిపోతుంది. సినిమా కూడా తర్వాతే. రెండున్నర గంటలు పక్కపక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడకుండా బయటికి రావడం పరిచయమనిపించుకోదు.

ఎదురుపడ్డాక ఏం మాట్లాడాలి? 1997లో ఆర్థర్ ఆరన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. అపరిచితులను జతలుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. విడతకు పన్నెండు చొప్పున మూడు విడతలు. మొదటి విడతలో తేలిక ప్రశ్నలు, పోనుపోను మనసుకు దగ్గరివి. ముప్పావు గంటలో ఆ జతలు, ఊరికే పిచ్చాపాటీ మాట్లాడుకున్న జతలకంటే దగ్గరైనట్టు చెప్పారు. ఆ ప్రశ్నల పట్టిక జేబులో పెట్టుకుని టిఫిన్‌కు వెళ్లమని కాదు. తేలికగా మొదలై, ఇద్దరూ సమానంగా చెప్పుకుంటూ పోవాలన్న వరసే అందులో ముఖ్యం. చిన్నప్పుడు సెలవులకు ఏ ఊరికి పోయేవాళ్లు అన్న ప్రశ్న నుంచి, ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరున్నారు అన్న ప్రశ్నకు మాట తనంతట తానే జారుతుంది. పనులకు గుంటూరు మిరప చేలకో, బెంగళూరుకో వలసపోయే ఇళ్లు ఈ పడమటి మండలాల్లో చాలా ఉన్నాయి కాబట్టి, ఆ జవాబులో ఒక్కోసారి కుటుంబం కథంతా బయటికొస్తుంది. అప్పుడు సలహాలివ్వకుండా వినడమే పని.

జాగ్రత్తల సంగతి సూటిగా చెప్పుకోవాలి. ముఖం చూడకముందే డబ్బు అడిగిన మనిషితో అక్కడితో సరి. ఆస్పత్రి ఖర్చన్నా, పార్శిల్ కస్టమ్స్‌లో ఆగిందన్నా అంతే. రాత్రిపూట వీడియో కాల్‌లో బట్టలు విప్పించి, రికార్డు చేసి బెదిరించే ముఠాలున్నాయి. అలాంటిది జరిగితే సిగ్గుపడి డబ్బు పంపకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చెయ్యాలి. కలిసే చోటు కూడా అవతలివారికే వదిలెయ్యకూడదు. 2024 జూన్‌లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా పద్ధతి ఇదే. యాప్‌లో పరిచయమైన అమ్మాయి ఒక పబ్బుకు పిలుస్తుంది, మద్యం తెప్పిస్తుంది, మాయమవుతుంది, అబ్బాయి చేతికి వేలల్లో బిల్లు వస్తుంది. ధర తెలిసిన టిఫిన్ అంగడిలో ఆ ఆట సాగదు. ఎక్కడికి, ఎవరితో వెళ్తున్నారో ఒక్క స్నేహితురాలికైనా చెప్పి వెళ్లాలి. ఆ స్నేహితురాలు పక్క బల్ల దగ్గరే కూర్చుని దోసె తింటున్నా తప్పులేదు. ఆపద అనిపిస్తే 112, మహిళలకు 181.

ఇద్దరు మేజర్లు నలుగురిలో కూర్చుని మాట్లాడుకోవడం నేరం కాదు. ఇష్టపడిన ఇద్దరు మేజర్లు పెళ్లి చేసుకోవడానికి కుటుంబం, సంఘం, కులం ఒప్పుకోలు అవసరం లేదని 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అలాంటి జంటలను బెదిరింపుల నుంచి కాపాడే ఏర్పాట్లు చెయ్యమని రాష్ట్రాలను ఆదేశించింది. చట్టం అలా ఉన్నా, కులం దాటిన స్నేహానికి ఇక్కడ ఇంకా ముప్పు ఉందని తెలిసిన యువతీయువకులు మెల్లగా, తెలివిగా అడుగువేస్తారు. అవతలివారి ఫొటోనూ, చాట్‌నూ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టకపోవడం అందులో మొదటిది. ఆ ఒక్క పని వల్ల ఒక అమ్మాయి చదువే ఆగిపోవచ్చు.

కలిసి వచ్చాక ఆ సాయంత్రమే ఒక మెసేజ్ పంపడం మర్యాద. "ఇంటికి చేరినారా?" అంటే చాలు. ఇష్టం లేకపోతే మాయమైపోకుండా, "మీతో మాట్లాడటం బాగుండింది, కాని నాకు ముందుకు పోవాలనిపించలేదు" అని రెండు ముక్కల్లో చెప్పెయ్యవచ్చు. అది అందుకున్నవారు "ఎందుకు?" అని తవ్వకుండా "సరే, చెప్పినందుకు థ్యాంక్స్" అంటే ఎమ్మిగనూరు బస్టాండులో రేపు ఎదురుపడినా ఇద్దరూ తలెత్తి పలకరించుకోగలరు. ఇష్టమైతే మాత్రం మళ్లీ ఎప్పుడో చూద్దామని నానబెట్టకుండా రోజూ, చోటూ చెప్పడమే మంచిది. "వచ్చే శనివారం సాయంత్రం ఆరుకు, ఈసారి మా ఊళ్లో. టీ మీదైంది కాబట్టి బజ్జీలు నావి."